ముప్పై ఏడో రంపపు చక్రం

కోట గొప్పతనాన్ని గోడను బట్టి, గోడ గొప్పతనాన్ని రాయికీ రాయికీ నడుమనున్న అతుకును బట్టి నిర్ణయించాలని వజ్రకవచ వాహన దేహ నిర్మాణ సంస్థ సింహద్వారం మీద పాలరాతి పలక ఒకటి లోకానికి చాటుతూ ఉంటుంది. ఆ పలకను పట్టుకున్న నాలుగు మేకుల్లో ఒకటి ఏనాడో ఊడిపోయింది కాబట్టి ఆ వాక్యాన్ని మెడ కాస్త ఎడమకు వంచి చదువుకోవాలి. చిత్తూరు సీమలో, అరవదేశపు పొలిమేరకు కూతవేటు దూరంలో ఉన్న ఆ కార్ఖానాలో అందరి మెడలూ అలాగే కాస్త వంగి ఉంటాయని గిట్టనివాళ్ళు అంటారు.

అక్కడి అతుకుల శాలకు పెద్ద కోదండపాణి. నిప్పు అక్కరలేకుండా రేకునూ రేకునూ కలపడం ఆయన విద్య. రెండు రేకులను ఒకదాని మీద ఒకటి పెట్టి, పైనుంచి యంత్రం ఒక చిన్న రివిట్‌ను, అంటే బోలు మేకును, ఏనుగు పాదమంత బరువుతో అదుముతుంది. ఆ రివిట్ పై రేకును చీల్చుకుని దిగి, కింది రేకులోకి పోయి, దాన్ని మాత్రం చీల్చకుండా లోలోపలే కాళ్ళు బారజాపుకుని కూర్చుంటుంది. ఇక దాన్ని లేపడం బ్రహ్మతరం కాదు. కింది వైపు చిన్న గుండీ ఆకారపు బుడిపె ఒకటి తేలుతుంది. ఆ బుడిపె మీద బొటనవేలు రాసి, లోపలి కాళ్ళు ఎంత దూరం చాపుకున్నాయో చెప్పగలిగిన మనిషి ఆ సంస్థలో ఆయన ఒక్కడే. ఈ విద్య ఎక్కడ నేర్చావని ఎవరైనా అడిగితే, మా అవ్వ మోదుగాకులతో విస్తళ్ళు కుట్టేదండీ, ఆకును ఆకుతో పుల్లముక్క ఎలా పట్టుకుంటుందో అక్కడే చూశాను, తక్కినదంతా యంత్రమే నేర్పింది అనేవాడు.

అయినా బొటనవేలిని పూర్తిగా నమ్మేంత గర్వం ఆయనకు లేదు. పూటకొకసారి ఒక చిన్న రేకుముక్క మీద రివిట్ కొట్టించి, దాన్ని నడిమికి కోయించి, కోసిన ముఖాన్ని అద్దంలా నునుపు చేయించి, భూతద్దం కింద కొలిపించేవాడు. మూడు నెలలకొకసారి ఒక పూర్తి బండి బాడీని కోయించి చూసేవాడు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి మెతుకు పట్టుకుంటే చాలునన్నది వంటింటి న్యాయం కనుక శాలలో అందరూ ఆ తనిఖీని "మెతుకు పట్టడం" అనేవారు.

ఆ సంవత్సరం వానాకాలం చివర మండలపు పాల సహకార సంఘం నలభై చిన్న బండ్లకు బాడీలు కావాలని కబురు పంపింది. సంఘానికి అధ్యక్షురాలు వెంగమాంబ. నలభై ఊళ్ళ పాలను డొక్కు ఆటోల్లో మోయించి, ఎండకు విరిగిన ప్రతి క్యాను దగ్గరా నిలబడి తిట్లు తిన్న మనిషి. కార్తీక పున్నమిలోగా బండ్లు అందకపోతే ఒప్పందం రద్దని ఆమె కాగితం మీద రాయించింది. కాగితం సంస్థవారితో, మాట మాత్రం కోదండపాణితో. ఇస్తావా అని ఆమె అడిగింది, ఇస్తానక్కా అని ఆయన అన్నాడు. చేతిలో వేరే పని లేదు కాబట్టి, ఆ ఒప్పందం పోతే అతుకుల శాలకు తాళం పడుతుందనీ, శాలలోని ఎనభై ఆరుగురినీ ఉత్తరాదిన, పేరు పలకడానికి నాలుక మూడు మెలికలు తిరగవలసిన ఊరిలో ఉన్న శాఖకు పంపేస్తారనీ అందరికీ తెలుసు.

అంతలో ఆయుధపూజ వచ్చింది.

సంస్థ నిర్వాహక సంచాలకులు పరాంకుశం గారు పట్టుపంచె కట్టి, రివిట్ కొట్టే మరచేతికి కుంకుమబొట్టు పెట్టి, దాని పాదాల దగ్గర టెంకాయ కొట్టారు. టెంకాయ రెండు చెక్కలైంది. మొదట వాసన వచ్చింది. తర్వాత అందరి చేతులూ ముక్కుల మీదికి వచ్చాయి. పురోహితుడు ఆచారం ప్రకారం, కుళ్ళితే మరీ శుభం, ఉన్న దిష్టంతా పోయిందని సెలవిచ్చాడు. పరాంకుశం గారు ఆ ఓదార్పును వినే స్థితిలో లేరు. ఆ టెంకాయలు ఎవరు తెచ్చారు, ఎలా ఎంచారు అని విచారించారు. స్టోరు గుమస్తా చేతులు కట్టుకుని, యాభై కాయల బస్తాలోనుంచి ఒకటి తీసి కొట్టి చూశాననీ, అది మల్లెపువ్వులా ఉండడంతో బస్తా అంతా మంచిదేనని రాసి సంతకం పెట్టాననీ చెప్పుకున్నాడు.

"అంటే," అన్నారు పరాంకుశం గారు తడి చేతిని చూసుకుంటూ, "నమూనా మనల్ని మోసం చేసింది."

చరిత్రలో మహత్తరమైన ఆలోచనలన్నీ ఇలాంటి తడి చేతుల నుంచే పుట్టి ఉంటాయి. పక్కనే నిలబడిన నాణ్యతా విభాగాధిపతి డాక్టర్ చయనులు గారు ఆ వాక్యాన్ని తక్షణం తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు. చయనులు గారు మూడు దేశాలలో నాణ్యతను అభ్యసించినవారు. ఒక్క దేశంలోనూ దేన్నీ తయారు చేసినవారు కారు. అందువల్ల ఆయన దృష్టిని కలుషితం చేసే అనుభవమేదీ ఆయన దగ్గర లేదు. మూడు రోజులకు ఆకుపచ్చ అంచుగల కాగితం మీద ఉత్తరువు వెలువడింది.

"ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయునది ఏమనగా: మెతుకు సంస్కృతి నేటితో అంతరించినది. ఇకపై శూన్య సందేహ మహాప్రణాళిక అమలులోనికి వచ్చును. ప్రతి దేహములోని ప్రతి సంధిని కోసి చూడవలెను. రెండు లోహములు అతికిన ప్రతి తావును సంధిగానే భావింపవలెను. నిరూపితము కాని పరికరముతో చేసిన నిరూపణము నిరూపణము కాజాలదు. కోత మందిరపు సందేహ పట్టికలో ఏ వారమున శూన్యము నమోదగునో, ఆ వారమున నిర్మితమైన దేహములు ద్వారము దాటుటకు అర్హములు."

కోదండపాణి దాన్ని మూడుసార్లు చదివి, చయనులు గారి గదికి వెళ్ళి, కోసిన బాడీని మళ్ళీ అతికించడం ఎలాగో ఉత్తరువులో లేదని వినయంగా మనవి చేశాడు. చయనులు గారు జాలిగా నవ్వారు. బాడీ చక్కగా ఉందని తెలియడం ముఖ్యమా, బాడీ ఉండడం ముఖ్యమా అని అడిగారు. కోదండపాణికి జవాబు తెలుసు గాని, ఎదుటివారి ముఖంలోని తేజస్సు చూసి, నమస్కారం పెట్టి బయటికి నడిచాడు.

ఒక్కొక్క బాడీలో అతుకులు పదకొండు వందల నలభై ఆరు. మొదటి వారం అతుకుల శాల ఎనిమిది బాడీలు కట్టింది. ఉత్తరువుతో పాటే వెలసిన కోత మందిరం ఎనిమిదింటినీ కోసింది. తొమ్మిది వేల నూట అరవై ఎనిమిది అతుకుల్లో ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు. ప్రతి రివిట్టూ లోపల బుద్ధిగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. సందేహ పట్టికలో చయనులు గారు స్వహస్తాలతో, గుండ్రంగా, పూజ్యభావంతో సున్న చుట్టారు. ఉత్తరువు ప్రకారం ఆ ఎనిమిది దేహాలూ ద్వారం దాటడానికి సర్వార్హతలూ సంపాదించాయి. దాటడానికి మాత్రం అవి దేహాలుగా లేవు.

విజయం విజయాన్ని కంటుంది. రెండో వారం కోత మందిరానికి కొత్త రెక్క కట్టారు. మూడో వారం అతుకుల శాల నుంచి ఇరవై మందిని కోతకు మార్చారు. కోసి, నునుపు చేసి, చీటీ అంటించిన అతుకులను దాచడానికి వాహనాలు నిలిపే షెడ్డును ఖాళీ చేసి దానికి "నిరూపితాల మందిరం" అని నామకరణం చేశారు. నిలపడానికి వాహనాలు లేవు కనుక ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అక్కడ అరల నిండా గోరంత ముక్కలు వరుసలు తీరి, ఒక్కొక్కటీ తన వంశవృక్షాన్ని మెడలో కట్టుకుని మెరుస్తూ ఉండేవి. ఇతర సంస్థలవారు బస్సుల్లో వచ్చి, చెప్పులు బయట విప్పి, లోపలికి వెళ్ళి చూసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళేవారు.

ఉత్తరువు సమస్త విభాగాలకూ అన్నది కాబట్టి భోజనశాల కూడా దానికి తలవంచింది. ఒక్క మెతుకు పట్టుకుని అన్నం వార్చడం నేరమైంది. వంటవాళ్ళు ఆరుగురు వరుసగా కూర్చుని ప్రతి మెతుకునూ వేళ్ళ మధ్య నలిపి చూసేవారు. మధ్యాహ్నానికి అన్నం అనదగినదేదీ మిగలక, అంబలి వడ్డించేవారు. అది పూర్తిగా ఉడికిందన్న విషయంలో మాత్రం ఎవరికీ అనుమానం ఉండేది కాదు. ఇడ్లీలు ముక్కలుగా వచ్చేవి. వడలకు చిల్లు ఎలాగూ ఉంటుంది కనుక వాటిని పరిశీలిత పదార్థాలుగా మినహాయించారు.

కోదండపాణి ఇంట్లో భార్య అలివేలు, శాలలో జరిగేదంతా విని, అయితే ఆ చయనులు గారు తల సరిగా ఉందో లేదో తెలుసుకోవాలంటే ఏం చేస్తారట అని అడిగి, పెరుగు వడ్డించింది. కోదండపాణికి నవ్వూ ఆగలేదు, పెరుగన్నమూ దిగలేదు. పున్నమికి పదహారు రోజులుంది. పూర్తిగా నిలబడిన బాడీ ఒక్కటీ లేదు.

ఆ వారమే వెంగమాంబ బస్సు దిగి నేరుగా కార్ఖానాకు వచ్చింది. ముతక నేతచీర, భుజాన సంచి, కళ్ళల్లో లెక్క తప్పని చూపు. పరాంకుశం గారు స్వయంగా ఎదురేగి, పూలగుత్తి ఇచ్చి, నిరూపితాల మందిరానికి తీసుకుపోయారు. చయనులు గారు అరగంటసేపు వివరించారు. ఇవి తమ బండ్లవే, అమ్మా, ఇదిగో ఎడమ తలుపు, ఇదిగో వెనక గోడ, లోపమన్నది మచ్చుకైనా లేదు అన్నారు. ఆమె ఒక ముక్కను అరచేతిలో పెట్టుకుని, వెలుతురుకు పట్టి చూసి, తిరిగి అరలో పెట్టింది.

"శానా బాగుండాయప్పా," అంది. "పాలు దేంట్లో పోసుకునేది?"

చయనులు గారు ఆ ప్రశ్న వినియోగ విభాగానికి చెందుతుందనీ, తమది విశ్వాస విభాగమనీ సెలవిచ్చారు.

"సంతలో సట్టి కొనేటప్పుడు మేము యేలితో కొట్టి చూస్తాము సామీ. కణ్ మంటే ఎత్తుకుంటాము. పగలగొట్టి చూసి, ఆహా, ఎంత మంచి సట్టి అని పెంకులు ఇంటికి మోసుకుపోము."

"అది శ్రవణాధారితమైన ఊహ, అమ్మా," అన్నారు చయనులు గారు. "శాస్త్రం అంగీకరించదు."

వెంగమాంబ బయటకు వచ్చి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, కోదండపాణిని పక్కకు పిలిచింది. నిన్న ఒక్కపూటే పదకొండు క్యాన్లు విరిగాయనీ, ఆ పాలను కాలువలో పారబోస్తూ చూడలేక ముఖం తిప్పుకున్నాననీ చెప్పింది. కాగితం నాటకం తనకు తెలియదనీ, తనకు మాట ఇచ్చింది ఆయనేననీ గుర్తుచేసింది.

"పున్నమి దాటితే నేను ఇంకో ఇంటి తలుపు కొట్టుకోవాల్సిందే, కోదండం. కోపంతో కాదు. పాలు ఆగవు."

ఆ మాట ఆయనకు రివిట్‌లాగే దిగింది. పైకి చిల్లు కనిపించలేదు గాని లోపల కాళ్ళు చాపుకుని కూర్చుంది. శాలకు తిరిగి వచ్చి, ఉత్తరువును ముందు పెట్టుకుని నాలుగోసారి చదివాడు. మొదటి మూడుసార్లు అందులో తప్పు వెతికాడు. ఈసారి భక్తితో చదివాడు. భక్తితో చదివేవాడికి గ్రంథం దాచుకునేది ఏదీ ఉండదు.

మర్నాడు చయనులు గారి బల్ల మీద, ఉత్తరువు నడకకు ఏమాత్రం తీసిపోని భాషలో, ఒక విన్నపం ప్రత్యక్షమైంది. మహాప్రణాళిక మీద తమకుగల అచంచల విశ్వాసం చేత, ఒక లోటును దృష్టికి తేవలసి వస్తున్నదని అందులో ఉంది. అతుకులను కోస్తున్నది రంపపు చక్రాలు. చక్రం అంచున గట్టి లోహపు పళ్ళను కరిగించిన లోహంతో అతికిస్తారు. ఒక్కొక్క చక్రానికి అరవై పళ్ళు. అంటే అరవై సంధులు. రెండు లోహములు అతికిన ప్రతి తావూ సంధియే కదా. ఆ సంధులను ఇంతవరకు ఎవరూ కోసి చూడలేదే. నిరూపితము కాని పరికరముతో చేసిన నిరూపణము నిరూపణము కాజాలదే.

చయనులు గారు విన్నపం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నాళ్ళకు తన్ను అర్థం చేసుకున్న మనిషి దొరికాడని పొంగిపోయారు. కోదండపాణి చేతులు పట్టుకుని, ఇటువంటి నిప్పులాంటి నిష్ఠ అతుకుల శాలలో ఉంటుందని ఊహించలేదన్నారు. స్టోరులో రంపపు చక్రాలు ముప్పై ఏడు ఉన్నాయి. అన్నీ పరీక్షకు సిద్ధమయ్యాయి.

అయితే చక్రాన్ని కోయడానికీ చక్రమే కావాలి. అది నిరూపితమై ఉండాలి. ఈ చిక్కును చయనులు గారు "తాత్కాలిక విశ్వాసము" అనే అపూర్వ భావనతో విడదీశారు. రెండో చక్రం మొదటి చక్రాన్ని కోయవచ్చు, తరువాత తానూ మూడోదాని చేత కోయబడతాననే పూచీ మీద. మూడోది నాలుగోదాని పూచీ మీద. ఇలా రెండు రోజులపాటు కోత మందిరంలో చక్రం చక్రాన్ని కోసింది. నిప్పురవ్వలు దీపావళిని మరిపించాయి. ఒక్క పన్ను కూడా లోపంతో లేదు. ముప్పై ఆరు చక్రాలు నిష్కళంకమని రుజువై, నిరూపితాల మందిరంలో ముక్కలుగా కొలువుదీరాయి.

ముప్పై ఏడోది మిగిలింది. దాన్ని కోయడానికి చక్రం లేదు. దాన్ని కోయకుండా అది దేన్నీ కోయరాదు.

చయనులు గారు కొత్త చక్రాలు వంద తెప్పించమని కొనుగోలు విభాగానికి రాశారు. ఆ విభాగం, నిరూపితం కాని వస్తువును లోపలికి రానివ్వకూడదన్న నిష్ఠతో, ఆ చక్రాలను తయారీదారే కోసి చూసి పంపాలని ఆజ్ఞాపించింది. అతడు విధేయుడైన వ్యాపారి. వందింటినీ చక్కగా రెండేసి ముక్కలు చేసి, పెట్టెలో సర్ది పంపాడు. ముప్పై ఏడో చక్రం విషయం నిర్ణయించడానికి ఏడుగురితో ఒక సంఘం ఏర్పడింది. సంఘం మొదటి సమావేశంలో తన పేరు మీద చర్చించి వాయిదా పడింది.

ఈ గందరగోళంలో అతుకుల శాలను పని ఆపమని ఎవరూ చెప్పలేదు. చెప్పని పని మానడం కోదండపాణికి అలవాటు లేదు. కోతకు పోయిన ఇరవై మందీ చేతులు ఊపుకుంటూ తిరిగి వచ్చారు. పగలూ రాత్రీ పనిచేసి రోజుకు నాలుగు బాడీలు లేపారు. మెతుకు పట్టడం కూడా ఆగలేదు. పూటకొక చిన్న రేకుముక్కను ఆయన చేతిరంపంతో, తన చేత్తోనే కోసి, నునుపు చేసి, భూతద్దం కింద పెట్టి చూసుకునేవాడు. చేతిరంపపు బద్ద ఒకే లోహం, ఎక్కడా అతుకు లేనిది. ఉత్తరువు కన్ను దాని మీద పడే అవకాశమే లేదు. రివిట్ కాళ్ళు చాపవలసినంత చాపాయి. బొటనవేలూ అదే మాట చెప్పింది. పదో రోజుకు షెడ్డు పక్కన ఎండలో నలభై బాడీలు మిలమిలలాడుతూ నిలబడ్డాయి. కొందరు సందర్శకులు వాటిని చూసి, ఇవేమిటి, ఇంకా కోయలేదా అని ముక్కు మీద వేలేసుకున్నారు.

శనివారం సందేహ పట్టిక పైకి పంపవలసిన రోజు. చయనులు గారు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. అక్కడ ఉన్నది ఒక్కటే గడి: ఈ వారం కనుగొన్న సందేహాలు. "కోయలేదు" అని రాయడానికి గడి లేదు. కోదండపాణి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమైనా సందేహం నమోదు చెయ్యమంటారా అయ్యగారూ?" అని అడిగాడు.

"కోయకుండా సందేహం ఎలా నమోదు చేస్తాను?" అన్నారు చయనులు గారు నొచ్చుకుని. "సాక్ష్యం లేని సందేహం పుకారు. పుకార్లను పట్టికకు ఎక్కించే మనిషినా నేను?"

అని, అలవాటైన చేత్తో, గుండ్రంగా సున్న చుట్టారు. చక్రాల కోత పుణ్యమా అని కిందటి వారమూ సున్నే పడింది కాబట్టి, ఉత్తరువు ప్రకారం ఆ రెండు వారాల దేహాలూ ద్వారం దాటడానికి అర్హమయ్యాయి. ఈసారి దాటడానికి దేహాలు కూడా ఉన్నాయి. చక్రాలూ ఇంజన్లూ తొడిగే పక్క కార్ఖానావాళ్ళు, నెల రోజులుగా ఊరకే కూర్చుని చింతపిక్కలాడుతున్నవాళ్ళు కాబట్టి, ఆ నలభైనీ చేతులమీద ఎత్తుకుపోయారు.

కార్తీక పున్నమినాటి ఉదయం నలభై పాలబండ్లు సింహద్వారం లోపల వరుస తీరాయి. వెంగమాంబ నలభై మంది డ్రైవర్లను వెంటబెట్టుకుని వచ్చింది. మొదటి బండిని వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి విని, తృప్తిగా తల ఊపింది. తన దృష్టిలో నిరూపణ ముగిసింది.

ఇక టెంకాయ కొట్టాలి.

పళ్ళెంలోని టెంకాయను చూడగానే పరాంకుశం గారి చేయి వెనక్కు పోయింది. ఆయుధపూజనాటి వాసన అందరి జ్ఞాపకంలోనూ ఒక్కసారి లేచింది. ఇది గనక కుళ్ళితే ఏ ప్రణాళిక పుడుతుందోనని ఎనభై ఆరుగురూ రెండడుగులు వెనక్కు వేశారు. చయనులు గారి చిన్న పుస్తకం అప్పుడే తెరుచుకుంది. కోదండపాణి ముందుకు వచ్చి, టెంకాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, నీళ్ళ చప్పుడు విని, పిలక దగ్గర బొటనవేలితో నొక్కి, దాన్ని పక్కన పెట్టాడు. రెండోది ఆడించి, నొక్కి, పరాంకుశం గారి చేతిలో పెట్టాడు.

"ఇది కొట్టండయ్యా."

కొట్టారు. పాలకంటే తెల్లగా పగిలింది. పరాంకుశం గారి ముఖంలో నెల దాటాక మొదటిసారి నెత్తురాడింది. ఆయన రెండు చెక్కలనూ జనానికి ఎత్తి చూపి, ఈ ఒక్క టెంకాయే చాలు, మన సంస్థలో అంతా సవ్యంగా ఉన్నదనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు అని ప్రకటించారు.

వెంగమాంబ బండి ఎక్కబోతూ ఆగి, పరాంకుశం గారి వైపు తిరిగింది.

"మెతుకు పట్టడం నీకూ తెలుసునే నాయనా," అంది మురిపెంగా. "ఆ పొద్దు ఒక్క కాయ కుళ్ళిందని వెయ్యి అతుకులు కోయిస్తివి. ఈ పొద్దు ఒక్క కాయ బాగుందని అంతా బాగుందంటివి. నువ్వు పట్టేది మెతుకే. కాకపోతే ఏ కుండలో చెయ్యి పెడతాండావో చూసుకోవు, అంతే."

పరాంకుశం గారు ఆ మాటను దీవెనగా స్వీకరించి నమస్కరించారు. చయనులు గారు రాసుకున్నారు. బండ్లు ఒకదాని వెనక ఒకటి ద్వారం దాటాయి. డ్రైవర్లందరూ దాటుతూ దాటుతూ మెడ ఎడమకు వంచి పలక చదివారు. ఆ సాయంత్రం నలభై ఊళ్ళలో ఒక్క క్యాను విరగలేదని వెంగమాంబ ఫోను చేసి చెప్పింది. ఒక్కటి చాలునన్న పరాంకుశం గారి మాట పట్టుకుని భోజనశాలలో మర్నాటి నుంచి మెతుకు మెతుకుగా అన్నం వడ్డించారు.

మహాప్రణాళిక మాత్రం రద్దు కాలేదు. విజయవంతమైన దాన్ని ఎవరు రద్దు చేస్తారు? సందేహ పట్టికలో ప్రతి శనివారమూ సున్న పడుతూనే ఉంది. ముప్పై ఏడో చక్రాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, "నిరూపణకై వేచియున్నది" అని ఇత్తడి పలక తగిలించారు. ఏడుగురి సంఘం ఏడాదికి రెండుసార్లు దాని ముందు సమావేశమై, తేనీరు సేవించి, లోతుగా నిట్టూర్చి లేస్తుంది. ఆయుధపూజనాడు దానికీ కుంకుమబొట్టు పెడతారు. దాని ముందు కొట్టే టెంకాయను ఆడించి చూసి ఇచ్చే బాధ్యత, పదకొండు పేజీల ప్రత్యేక ఉత్తరువు ద్వారా, కోదండపాణికి శాశ్వతంగా అప్పగించారు.